నింపేసిన ఖాళీలు

చిట్టీ,

బస్సు దిగి చెప్పులైనా విప్పకుండా రాస్తున్నాను. ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను మెత్తబడిపోతాను. నాకిప్పుడు మెత్తబడాలని లేదు.

మీ అక్క సంస్మరణ సభలో అద్దాల పెట్టెలో పెట్టారే, బోరాన్ అనే ఆ నల్లరాయి లోపల పరమాణువులు ఎలా కూర్చుంటాయో చూపే అక్క బొమ్మ, దాన్ని ఎవరే పాడుచేసింది? మీ ల్యాబు పెద్దసారు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, "చూడండమ్మా మీ అమ్మాయి పనితనం. ఎక్కడా ఒక్క లోటు లేదు" అన్నాడు. "ఇది మా పిల్ల చేసింది కాదండీ" అన్నాను. దుఃఖంతో మతి చెదిరిందనుకుని ఎవరో నా చేతిలో మంచినీళ్ళు పెట్టారు. నువ్వు పక్కనే నిలబడి నేల చూపులు చూశావు. అప్పుడే తెలిసింది, ఇది నీ పనేనని.

నాకు చదువు లేదు, నిజమే. కానీ ఆ చెక్కపూసలకు వంటింట్లో కూర్చుని నల్లరంగు వేసింది నేను. వాటిని పన్నెండేసి గుత్తులుగా కడుతూ అక్క చెప్పేది: "అమ్మా, ఇందులో కుర్చీలు ఎక్కువ, కూర్చునేవాళ్ళు తక్కువ." ఎక్స్‌రేలో ఒకచోట ముప్పాతిక పరమాణువు ఉన్నట్టు కనిపిస్తుందంది. "ముప్పాతిక మనిషి ఉంటాడటే ఎక్కడైనా?" అని నవ్వాను. "ఉండడు. వేల ఇళ్ళను ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకే ఫోటో తీశామనుకో. నాలుగిళ్ళలో మూడింట మనిషి ఉంటాడు, ఒకింట ఉండడు. ఫోటోలో మాత్రం పలచగా పడతాడు" అంది. ఆ ఖాళీలు పొరపాటు కాదు, అవి ఉంటేనే ఆ నల్లరాయి నిలకడగా ఉంటుందని ఆస్పత్రి మంచం మీద కూడా వాదించింది.

దాని చెల్లెలివి, అదే ల్యాబులో పనిచేసేదానివి, నువ్వే ఆ ఖాళీలన్నిటిలో పూసలు కుక్కేశావు. చూడ్డానికి నిండుగా ఉండాలనా? వచ్చినవాళ్ళందరూ "మీకింకో కూతురుంది కదమ్మా" అంటున్నారు నాతో. ఆ ఖాళీ కూడా అలాగే నింపేసుకోమంటావా? మన ఇంట్లో అది ముప్పాతికా లేదు, పాతికా లేదు. అసలు లేదు.

అక్క ఎక్కడెక్కడ ఖాళీ వదిలిందో అక్కడక్కడే మళ్ళీ ఖాళీ చెయ్యి. చేసేదాకా నా గడప తొక్కకు.

మీ అమ్మ


చిట్టీ,

నీ జవాబు అందింది. చదివాక కోపం ఇంకా పెరిగింది. అయితే నీ మీద కాదు.

అక్క వదిలిన ఖాళీలు ఎక్కడో చెప్పలేనని రాశావు. ల్యాబుకు వచ్చినప్పుడల్లా పూసల చోటు మార్చేసేదట. "నిన్న ఇక్కడ కదే ఖాళీ?" అని నువ్వడిగితే, "ఇవాళ పక్కింటికి వెళ్ళిందిలే" అనేదట. ఇదొక్కటే సరైన అమరిక అనేది లేదట, ఎన్నో ఉన్నాయట. ఏదో ఒకటి ఉంచితే అక్కను ఒకే రోజు దగ్గర ఆపేసినట్టవుతుందని చేతులాడక అన్నీ నింపేశావట. అన్నీ నింపడం మరీ అబద్ధం కదే, పిచ్చిమొహమా! ఈ మాట సభలోనే నా మొహాన అనొచ్చుగా?

ఇప్పుడు నా మంటంతా ఆ అద్దం మీద. అక్క రోజూ వేళ్ళు పెట్టి కదిపిన బొమ్మకు తాళమెందుకు? మీ పెద్దసారుకు ఫోన్ చేశాను. "అందరూ ముట్టుకుంటే పాడైపోతుందమ్మా" అన్నాడు. "రంగు పోతే వచ్చి నేను వేస్తాను. ముట్టుకోనివ్వకపోతే బొమ్మ మా ఇంటికి పంపెయ్యండి, మీ వరండాలో ఇంకేదైనా పెట్టుకోండి" అన్నాను. కాసేపు దగ్గాడు. తర్వాత, "అద్దం తీయిస్తానమ్మా" అన్నాడు. తీయించకపోతే మళ్ళీ ఫోన్ చేస్తాను. ఆయన దగ్గు ఎంతసేపో నేనూ చూస్తాను.

నువ్వు అక్క లెక్క తప్పకుండా పూసలు తియ్యి. ఎక్కడెక్కడివన్నది నీ ఇష్టం, నన్నడగకు. తర్వాత ఇంకొకరెవరో వచ్చి మార్చుకుంటారు. మార్చుకోనీ. అక్క పని అలా సాగాల్సిందే.

ఆదివారం ఇంటికి రా. కాసేపు పోట్లాడుకుందాం, నాకిక్కడ ఎవరూ ఎదురు చెప్పడం లేదు. మొన్న చూశాను, నీ వాచీ మోచేతిదాకా జారుతోంది. వేళకి కడుపునిండా తిను.

అమ్మ