అప్పడాల డబ్బాలో వచ్చిన రెండో స్క్రీన్

ఖుర్సీపార్, భిలాయి
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన అమ్మకు,

నీ ఎస్తేరు వందనాలు. దేవుని కృప వల్ల ఇక్కడ నేనూ, పిన్నీ, బాబాయీ సుఖంగా ఉన్నాం. నీ మోకాలు ఎలా ఉంది? నాన్న దగ్గు తగ్గిందా? తమ్ముడు శామ్యూలు కాలేజీకి సరిగ్గా వెళుతున్నాడా? రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఉత్తరమేమిటని హడలిపోకు. అంతా మంచి కబురే. నువ్వు ఫోను ఎత్తితే స్పీకరు పెడతావు, పక్కనే వాడుంటాడు. ఈ సంగతి వాడి చెవిన పడేముందు నీ ఒక్కదానికే చెప్పాలి. తలుపేసుకుని చదువు.

ఇక్కడ చలి మొదలైంది. పొద్దున్నే హథ్‌ఖోజ్‌లో మా కార్ఖానాకి వెళ్ళే ఆటోలో కూర్చుంటే చెవులు మొద్దుబారిపోతాయి. నువ్వు పెట్టిన మఫ్లరు చూసి ముసలమ్మలా ఉంటానని విసుక్కున్నాను కదా, ఇప్పుడు దాన్ని వదలడం లేదు. తిండికి లోటు లేదు. పిన్ని రాత్రిళ్ళు రొట్టెలు చేసినా నాకోసం గ్లాసుడు బియ్యం వేరే పడేస్తుంది. ఒక్క చేపల దగ్గరే నా ప్రాణం ఉసూరుమంటుంది. ఇక్కడివన్నీ చెరువు చేపలు. ముక్క నోట్లో పెట్టగానే మన సముద్రం గుర్తొచ్చి బెంగ కమ్ముతుంది. అయినా బాగానే ఉన్నాను, నువ్వు దిగులు పెట్టుకోకు.

ఇక అసలు సంగతి. కిందటి నెల నా ఉద్యోగం పోయేంత పని జరిగింది. నీకు చెప్పలేదు.

నా పని నీకు తెలిసిందే. ఇనుప పలకలు కోసే మెషిను ఎక్కడ కోయాలో, ఎక్కడ బెజ్జం వేయాలో నేను కంప్యూటరులో రాసిపెట్టాలి. ఆర్డరిచ్చిన పార్టీ పంపిన డ్రాయింగు చూస్తూ కొలతలు ఎక్కించాలి. ఉన్నది ఒక్క స్క్రీను. డ్రాయింగు తెరిస్తే నా రాత కనబడదు, రాత తెరిస్తే డ్రాయింగు కనబడదు. పొద్దుగూకులూ అటూ ఇటూ మార్చుకోవడమే. అలా మార్చడంలో ఒకరోజు పాత డ్రాయింగు పైకి వచ్చింది, నేను చూసుకోలేదు. దాని కొలతలే ఎక్కించేశాను. పలకలన్నీ కోశాక చూస్తే మూల బెజ్జంలో బోల్టు పడదు! మా సేఠ్ ఒక పలక తెచ్చి నా బల్ల మీద దబ్బున పడేశాడు. మళ్ళీ ఇలాంటి ఆర్డరే వస్తోందట. "అందులో గల్తీ అయితే ఘర్ జావో, బేటీ" అన్నాడు, తప్పు జరిగితే ఇంటికి పొమ్మని. బేటీ అని మరీ అన్నాడు, అదే ఎక్కువ గుచ్చుకుంది. రెండో స్క్రీను ఇప్పించమని అడిగితే, "పెహలే ఏక్ తో సంభాలో" అని వెళ్ళిపోయాడు. ముందు ఒకటి చూసుకోమని.

ఆడపిల్లను అంత దూరం పంపుతావా అని పెద్దమ్మ వాళ్ళు నోళ్ళు నొక్కుకున్నప్పుడు, నువ్వు అందరితో పోట్లాడి నన్ను రైలెక్కించావు. పెట్టె పట్టుకుని తిరిగొస్తే వాళ్ళు నిన్నేమంటారోనని నాకు ముద్ద దిగలేదమ్మా.

అలాంటి రోజున పిన్ని పప్పులోకి అప్పడాలు వేయిద్దామని నువ్విచ్చిన డబ్బా మూత తీసింది. అడుగుదాకా చెయ్యి పెట్టి, "ఓలమ్మో! ఇదేటే? మీ అమ్మ అప్పడాల కింద రేడియో ఎట్టిందేటి?" అని అరిచింది. చూస్తే శామ్యూలు చేత్తో పట్టుకుని ఆడుకునే గేమ్ డబ్బా! నేను దాని సంగతే మర్చిపోయాను. వాడి చదువు పాడైపోతోందని నువ్వు దాన్ని నా సామాన్లో దూర్చి, రైలు కదిలాక ఫోన్ చేసి ఏమన్నావో గుర్తుందా? "అప్పడాల అడుగున ఆ సైతాను డబ్బా ఎట్టీసేను. ఆ ఊళ్ళోనే ఎక్కడైనా పారీ. ఆడికి సెప్పీకు." అంతకుముందు వాడు దాన్ని పట్టుకున్నప్పుడల్లా నీది ఒకటే పాట. "ఈ డబ్బా నీకు అన్నం ఎడతాదేట్రా?"

మీటలు అరిగి నున్నబడ్డాయి గానీ స్క్రీను మాత్రం నిగనిగలాడుతోంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఇదీ స్క్రీనే కదా అనిపించింది.

నెట్‌లో వెతికితే, ఇలాంటి పాత గేమ్ డబ్బాల్ని కంప్యూటరుకి రెండో స్క్రీనుగా పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు! డబ్బాలో ఒక చిన్న ప్రోగ్రాము, కంప్యూటరులో దాని జత ప్రోగ్రాము ఎక్కించి, మధ్యన వైరు కలపాలి. ఆ కాలం వైరు ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. ఖుర్సీపార్ మార్కెట్టులో మొబైలు కొట్లన్నీ తిరిగితే చివరికి ఒకాయన పాత వైర్ల చిక్కులోంచి ఒకటి లాగి ఇచ్చాడు. కార్ఖానాలో పనివాళ్ళు మధ్యాహ్నం టిఫిన్లు విప్పుకునే వేళ తగిలించాను. ఏమీ రాలేదు. మర్నాడు అడ్డగీతలు వచ్చాయి. ఆ తర్వాత బొమ్మ వచ్చింది గానీ అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. వదల్లేదు. సైజులు మార్చి, రంగులు తగ్గించి, ప్రార్థన చేసుకుని మళ్ళీ మౌసు జరిపాను. బాణం గుర్తు పెద్ద స్క్రీను అంచు దాటి మాయమై, పక్కనున్న ఈ బుల్లిదాంట్లో తేలింది! "స్తోత్రం!" అని అరిచేశాను. రొట్టెలు తింటున్నవాళ్ళంతా ఇటు తిరిగి చూశారు.

అరచేతంత దాంట్లో ఏం కనబడుతుందే అంటావేమో. మొత్తం కనబడదు, అదే మేలయింది. ముందు డ్రాయింగు నంబరు చూసుకుంటాను. తర్వాత నేను ఏ మూల రాస్తున్నానో ఆ మూల ఒక్కటే పెద్దది చేసి పెట్టుకుంటాను. కన్ను పక్కకి పోదు. పారేసిన ఇనుప ముక్క ఒకటి వంచి దానికి స్టాండు కూడా చేశాను.

ఆ ఆర్డరు వచ్చింది. నేను సగం రాసేసరికి సేఠ్ వెనక నిలబడి ఉన్నాడు. "యే క్యా హై? గేమ్ ఖేల్ రహీ హో?" అని కేకేశాడు, ఆటాడుకుంటున్నాననుకుని. చెయ్యి చాచి డబ్బా లాక్కోబోయాడు. లాగితే వైరు ఊడిపోతుంది. రెండు చేతులూ అడ్డం పెట్టేశాను, నీ కూతుర్నే మరి! "సేఠ్‌జీ, పెహలే దేఖ్ లీజియే" అన్నాను, ముందు చూడమని. కళ్ళద్దాలు నుదుటికి ఎక్కించి, వంగి చూశాడు. గేమ్ వస్తుందేమోనని ఒక మీట కూడా నొక్కాడు! డ్రాయింగు కదల్లేదు. "కాట్‌నే దో, ఫిర్ దేఖ్తే హై" అన్నాడు. కోయనివ్వు, అప్పుడు చూద్దామని.

పలక కోసి తెచ్చారు. సేఠ్ తనే బోల్టు తీసుకున్నాడు. మొదటి బెజ్జంలో టక్కున పడింది. తర్వాతిదాంట్లోనూ పడింది. చివరికి మూల బెజ్జం. కిందటిసారి నన్ను ముంచింది అదే. బోల్టును ఊరికే దాని మీద పెట్టాడంతే, తోయకుండానే జారి దిగిపోయింది. అమ్మా, గెలిచాను! సేఠ్ బోల్టు పైకి తీసి, మళ్ళీ వేసి చూసి, "పక్కీ హో గయీ తుమ్" అన్నాడు. ఇక నా ఉద్యోగం ఖాయం. అందరికీ టీ తెప్పించాడు. నాకు రెండో పెద్ద స్క్రీను కూడా తెప్పిస్తానన్నాడు.

ఈ పొద్దున మన తెలుగు చర్చిలో సాక్ష్యాల వేళ పిన్ని నన్ను మోచేత్తో పొడిచి, "లెగే, సెప్పు" అంది. జ్వరం తగ్గిందనీ, బిడ్డ పుట్టిందనీ చెప్పుకునేచోట నేను లేచి గేమ్ డబ్బా మీద సాక్ష్యం చెప్పాను. మా అమ్మ దాన్ని సైతాను డబ్బా అంటుందనగానే పాస్టరుగారే పడీపడీ నవ్వారు. ఆమెన్ మాత్రం కప్పు ఎగిరిపోయేలా చెప్పారు.

ఇక నీతో పని. శామ్యూలు దానికోసం అటక కూడా దులిపాడని నువ్వే అన్నావు. నిజం చెప్పేయమ్మా. నువ్వే చెప్పు, నేను చెబితే చాడీ అవుతుంది. అలుగుతాడు, అన్నం వేళకి మామూలైపోతాడు. వాడి ఆట ఎక్కడ ఆపాడో అక్కడే ఉంది, నేను ముట్టుకోలేదు. పెద్ద స్క్రీను రాగానే ఆ అప్పడాల డబ్బాలోనే పెట్టి పంపిస్తాను. ఎవరి డబ్బా వాళ్ళకి ఖాళీగా తిప్పి పంపకూడదని నేర్పినదానివి నువ్వే కదా. నువ్వు మళ్ళీ పంపేటప్పుడు మాత్రం అడుగున ఎండు నెత్తళ్ళు పెట్టు.

నాన్నకూ నాయనమ్మకూ నా వందనాలు. నన్ను, నా సేఠ్‌ను కూడా మీ ప్రార్థనలో తలుచుకోండి. మీ దీవెన ఉంటే నాకు ఏ ఊరైనా ఒకటే.

ఇంకొక్క మాట. దాచింది నువ్వేనని వాడికి చెప్పాక ఊరుకోకు. ఇన్నాళ్ళూ వాణ్ని అడిగిన ప్రశ్నకి జవాబు కూడా నీ నోటితోనే చెప్పు. "మీ అక్కకి అన్నం ఎట్టిందిరా" అని.

నీ కూతురు,
ఎస్తేరు