ఆడని మూడో ఆట

షెఫీల్డ్,
8 నవంబరు 2025, శనివారం

ప్రియమైన పార్థసారథికి,

కిషన్‌రావు నమస్కారాలు. ఇక్కడ నేనూ, పుష్పలీలా కులాసాగానే ఉన్నాం. క్రోయిడన్‌లో నువ్వూ, సులోచన చెల్లెమ్మా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. వాట్సాప్‌లో నన్ను బ్లాక్ చేశావు కదా, అందుకే స్టాంపు అంటించి మరీ రాస్తున్నాను. చేతిరాత చూసి చించెయ్యకు. చదివాక కోప్పడుదువుగాని.

ముందు కబుర్లు. మా శ్రీవల్లి లీడ్స్‌లో ఆటల చరిత్ర మీద పరిశోధన చేస్తోంది. మొన్న ఫోన్‌లో 1869 సంగతి చెప్పింది. అమెరికాలో కాలేజీల ఫుట్‌బాల్ మొదలైంది ఆ ఏడాదేనట. సీజన్ మొత్తానికి రెండే కాలేజీలు, రట్గర్స్, ప్రిన్స్‌టన్. ఆడింది రెండే ఆటలు! ఒక్కో జట్టుకి ఇరవై అయిదుగురు. ఎవరి ఊళ్ళో ఆడితే వాళ్ళ రూల్స్. మొదటిది రట్గర్స్ వాళ్ళు తమ ఊళ్ళో గెలిచారు, రెండోది ప్రిన్స్‌టన్ వాళ్ళు తమ ఊళ్ళో గెలిచారు. మూడోది ఆడదామనుకున్నారు గానీ ఆడనే లేదట. ఇదంతా చెప్పి, డాడ్, దట్స్ యూ అండ్ సారథి అంకుల్ అని పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు సారథీ.

మన క్యారమ్స్ కూడా అంతే కదా. మా ఇంట్లో మా వరంగల్ రూల్, బొటనవేలితో స్ట్రైకర్ కొట్టకూడదు. నేను గెలిచాను. మీ ఇంట్లో మీ కాకినాడ రూల్, ఏ వేలితోనైనా కొట్టొచ్చు. నువ్వు గెలిచావు. మూడో ఆటకి మా ఇంటికొచ్చావు, ఎవరి రూలో తేలలేదు. బొటనవేలు లేకపోతే అదేం ఆట అని నువ్వు, అది చిన్నపిల్లల ఆట అని నేను. అన్నం సల్లగైతుంది, ఇగ లేవుండ్రి అని పుష్పలీల కంచాలు పెట్టి పిలుస్తూనే ఉంది. నువ్వు ముద్ద ముట్టకుండా చెల్లెమ్మని తీసుకుని వెళ్ళిపోయావు. ఆ తర్వాత ఉద్యోగం మారి క్రోయిడన్ వెళ్ళావని గుడిలో ఎవరో చెబితే తెలిసింది నాకు. ఎంత బాధేసిందో!

ఆ అమెరికా కుర్రాళ్ళు మొదటి ఆట కాగానే రెండు జట్లూ కూర్చుని భోంచేశారట. ఓడినవాళ్ళు కూడా హుషారుగా ఇంటికెళ్ళారట. అరవైకి దగ్గర పడ్డాం, మనకి ఆ మాత్రం బుద్ధి లేకపోయింది.

అలాగని నేనిక్కడ దిగులుపడి కూర్చున్నాననుకోకు. శనివారాలు పుష్పలీలకి హాస్పిటల్‌లో రోటా డ్యూటీ పడుతుంది, ఇంట్లో ఎవరూ ఉండరు, నిజమే. కానీ కొత్త ఆటగాడు దొరికాడు. నీ కుర్చీలోనే కూర్చుంటాడు, నీలాగే బొటనవేలితో కొడతాడు, దొంగ! నేనేమీ అనడం లేదు. మంచి కాలక్షేపం. నువ్వు రాకపోయినా నాకేం లోటు లేదు. వీలైతే మాత్రం ఓ శనివారం రా.

చెల్లెమ్మకి ఆశీస్సులు.

ఇట్లు,
నీ కిషన్‌రావు

తా.క.: పోస్టాఫీసు దాకా వెళ్ళి, క్యూలో నిలబడి, మళ్ళీ కవరు విప్పాను. కొత్త ఆటగాడెవడూ లేడురా. నా వంతు అయ్యాక నేనే లేచి, బోర్డు చుట్టూ తిరిగొచ్చి, నీ కుర్చీలో కూర్చుని నీ ఆట ఆడుతున్నాను. నీ వంతుకి బొటనవేలితోనే కొడుతున్నాను, అలవాటు లేక గోరు కింద నల్లగా కమిలింది. ఇవాళ పొద్దున రెడ్ నువ్వే వేశావు, ఆట కూడా నువ్వే గెలిచావు. నా కుర్చీలోకి తిరిగొచ్చి, ఒప్పుకోను పో అని అరవబోయి తలెత్తాను, ఎదురుగా ఎవరూ లేరు. ఒక్కసారి రారా సారథీ. మూడో ఆట మీ కాకినాడ రూలే. కాకపోతే అన్నం తిన్నాకే బోర్డు వేద్దాం.