అన్నయ్య చెప్పని చోట్లు

అక్టోబర్ 9, సోమవారం

అన్నయ్య నిన్న పడ్డాడు. అడవిలో కాదు. వంటింట్లో స్టూలెక్కి బల్బు మారుస్తూ పడ్డాడు. చీలమండ రెండు చోట్ల విరిగింది. ఆరు వారాలు ప్లాస్టర్. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేలోపే కథ మారిపోయింది. చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ లోయలో జారిపడ్డానని చెబుతున్నాడు. నేను పక్కనే నిలబడి కాఫీలు అందిస్తున్నాను.

నా బాధ అది కాదు. నవంబర్ చివరిదాకా ప్రతి శనివారం బుకింగ్స్ ఉన్నాయి. పొద్దున కుక్కతో ట్రఫుల్ వేట, అంటే అడవి మట్టిలో దాగుండే ఖరీదైన పుట్టగొడుగుల వేట, మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం. వేట తనది, వంట నాది. పన్నెండేళ్లుగా ఇదే ఏర్పాటు. కాన్సిల్ చేసేద్దామన్నాను. మా దల్మాజ్జో ఇంటివాళ్ల వేట కాన్సిలయిందంటే మా ఊరు సాన్ గ్రాతో అంతా నవ్వుతుందట.

"నువ్వే తీసుకెళ్లవే, ఇర్మా. కుక్క వెనకాల నడవడమేగా!"

కుక్క వెనకాల నడవడాన్ని నలభై ఏళ్లుగా ఏదో గొప్ప విద్యలా చెప్పుకున్నది ఈ మనిషే.

అక్టోబర్ 10

సరే, వెళ్తాను, మరి ట్రఫుల్స్ దొరికే చోట్లు చెప్పమన్నాను. చెప్పడట. నాన్న కూడా తనకు చెప్పలేదట. ఎవరి చోట్లు వాళ్లు వెతుక్కోవాలట. నేను సొంత చెల్లెల్ని. యాభై ఐదేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. తన చొక్కాల గుండీలన్నీ నేను కుట్టినవే. అయినా చెప్పడు.

ఇంటి వెనక ఓక్ చెట్ల అడవికి తీసుకెళ్లమన్నాడు. అక్కడ ట్రఫుల్ కాదు కదా, నత్త కూడా దొరకదు. గెస్టుల్ని తను కూడా అక్కడికే తీసుకెళ్తాడు. తెల్లవారగానే వెళ్లి ఒక ట్రఫుల్ మట్టిలో పాతిపెట్టి వస్తాడు. తర్వాత వాళ్ల ముందు కుక్క దాన్ని కనిపెడుతుంది. వాళ్లు చప్పట్లు కొడతారు. నువ్వూ అలాగే చెయ్యమన్నాడు. మరి అసలైన వేట ఎప్పుడంటే, అది వారంలో మిగతా రోజుల్లో, తను ఒక్కడే చేసేది. ఎక్కడికి వెళ్తాడో మాత్రం అడక్కూడదు.

అక్టోబర్ 14, శనివారం

ఈ రోజు గురించి రాయాలంటేనే చిరాగ్గా ఉంది.

ఏడింటికి వెళ్లి ట్రఫుల్ పాతాను. ఓక్ చెట్టు కింద, జానెడు లోతున. పదింటికి నలుగురు డెన్మార్క్ వాళ్లు వచ్చారు. కొత్త బూట్లు, మెడలో కెమెరాలు. చెట్టు దగ్గరికి రాగానే మా కుక్క ట్రిల్లీ తవ్వడం మొదలుపెట్టింది. గెస్టులు ఫోటోలకు సర్దుకుంటున్నారు. కుక్కను పక్కకు లాగి బొరిగెతో మెల్లగా తియ్యాలని అన్నయ్య పదిసార్లు చెప్పాడు. నేను సంచిలో బొరిగె వెతుక్కునేలోపు ట్రిల్లీ దాన్ని మింగేసింది. ఒక్క గుటకలో. ఆపైన మూతి నాక్కుంటూ ఇంటివైపు తిరిగి కూర్చుంది.

మిగతా గంటన్నర మేం ఊరికే నడిచాం. మాటలేమీ తోచక చెట్ల పేర్లు చెప్పాను. అవి అయిపోయాక మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

ఇంటికొచ్చేసరికి అన్నయ్య ప్లాస్టర్ కాలు కుర్చీ మీద పెట్టుకుని పొయ్యి దగ్గర కూర్చున్నాడు. సాస్ వేడి చేస్తే చాలని చెప్పి వెళ్లాను. రుచి చూశాడట. కాస్త ఉప్పేశాడట. మళ్లీ చూశాడట. గెస్టులు మంచివాళ్లు, సముద్రం నీళ్లలాంటి తాయరిన్ పాస్తా నోరెత్తకుండా తిన్నారు. నీళ్లు మాత్రం నాలుగు జగ్గులు తాగారు. వెళ్లేముందు లోయలో పడిన కథ విని అన్నయ్యతో ఫోటో దిగారు. నాతో ఎవరూ దిగలేదు.

అక్టోబర్ 15

ఈ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. కుక్కతో కూడా.

అక్టోబర్ 19, గురువారం

ప్రాక్టీస్. ట్రిల్లీతో రెండు గంటలు తిరిగాను. రా అంటే కూర్చుంటుంది. కూర్చో అంటే పోతుంది. అన్నయ్య కిటికీలోంచి ఈల నేర్పిస్తున్నాడు. నాకు ఈల రాదు, ఉమ్మి వస్తుంది. తను పగలబడి నవ్వాడు.

"ఆడవాళ్లు అడవిలో మాట్లాడతారే. ట్రఫుల్ వినేసి లోపలికి పోతుంది."

"మరి పన్నెండేళ్లుగా నీ ఉపన్యాసాలు విని ఎంత లోతుకు పోయిందో!" అన్నాను.

బార్ ముందు కూర్చునే ముసలాళ్లు కూడా మొదలుపెట్టారు. "ఇర్మా, కుక్కని నువ్వు తిప్పుతున్నావా, నిన్నే అది తిప్పుతోందా?" అని ఒకడు. జవాబు నాకూ తెలియదు కాబట్టి వచ్చేశాను.

అక్టోబర్ 21

వాన. గెస్టులు రాలేదు. దేవుడున్నాడు.

అక్టోబర్ 28, శనివారం, సాయంత్రం నాలుగు

జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను.

మిలాన్ నుంచి ఆరుగురు వచ్చారు. రిటైరైన పళ్ల డాక్టరు ఒకాయన, ఆయన భార్య, వాళ్ల స్నేహితులు. ఈసారి ట్రఫుల్ పాతలేదు. కుక్కకు అల్పాహారం పెట్టడం నాకిష్టం లేదు. దొరికితే దొరుకుతుంది, లేకపోతే భోజనం ఉందిగా అనుకున్నాను.

దారి చీలిన చోట ట్రిల్లీ ఒక్క గుంజు గుంజింది. తాడు చేతిలోంచి జారిపోయింది. ఇంటి వెనక అడవివైపు కాదు, రోడ్డు దాటి కిందికి పరుగెత్తింది. నా ఈల ఎవరికీ వినపడలేదు. డాక్టరుకు మాత్రం హుషారొచ్చింది. "ఇదీ అసలైన వేటంటే! పదండి పదండి!" అని అందరినీ ఉరికించాడు. రెండు హేజెల్ తోటలు దాటాం, ఒక వాగు దాటాం. డాక్టరు భార్య బూటు బురదలో ఉండిపోతే నేను పెరికి తెచ్చాను.

ట్రిల్లీ ఆగింది. అడవిలో కాదు. పసుపు రంగు ఇంటి ముందు. వంటింటి తలుపు మీద ముందు కాలితో గీరింది. రోజూ వచ్చే ఇంటికి వచ్చినట్టు.

తలుపు తెరిచింది క్లేలియా. పదహారేళ్ల కిందట భర్త పోయాడు. చర్చిలో కనబడితే తల ఊపుతాం, అంతకుమించి పరిచయం లేదు. చేతులకు పిండి ఉంది. తలెత్తకుండానే అంది:

"ఇరవై రోజులకి గుర్తొచ్చానా? కాలెలా ఉంది? బూట్లు బయట విడువు, ఇప్పుడే తుడిచాను."

ఆ తర్వాత తలెత్తింది. నేనూ, నా వెనక ఆరుగురూ.

తలుపు వెనక మేకుకు అన్నయ్య గోధుమరంగు చేతుల్లేని కోటు వేలాడుతోంది. నేను కుట్టిందే. మూడేళ్ల కిందట అడవిలో ఎక్కడో పారేసుకున్నానన్నాడు. ఎంత వెతికాను దానికోసం! బల్ల మీద తన కళ్లజోడు. ట్రిల్లీ లోపలికెళ్లి పొయ్యి పక్కన ఉన్న గిన్నె ముందు కూర్చుంది. దానికి అక్కడ గిన్నె ఉంది. సొంత గిన్నె.

గెస్టులు ఇదంతా ప్రోగ్రామ్‌లో భాగమనుకున్నారు. బుద్ధిగా బూట్లు విప్పి లోపల కూర్చున్నారు. క్లేలియా కాఫీ పెట్టింది. ఏం చేస్తుంది పాపం. నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. ఎన్నేళ్లుగా అని అడిగాను.

"పదకొండు," అంది. "నీకు తెలుసనుకున్నాను. చెప్పాననే అన్నాడు."

పెరట్లో కోళ్లగూడు పక్కన లిండెన్ చెట్టుంది. మేం బయల్దేరుతుంటే ట్రిల్లీ దాని కింద తవ్వింది. ఈసారి బొరిగె చేతిలోనే ఉంది. నిమ్మకాయంత తెల్ల ట్రఫుల్. ఆ వాసన, ఆ చప్పట్లు! డాక్టరు నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. క్లేలియా మాత్రం గుమ్మంలోంచి మామూలుగా అంది:

"ఆ చెట్టు కింద ఏటా వస్తాయి. పది నిమిషాల్లో తీసేస్తాడు. మిగతా రెండు గంటలూ ఇక్కడే కూర్చుంటాడు."

భోజనాల దగ్గర నేను అన్నయ్య వైపు చూడలేదు. అవసరం రాలేదు. "మీ స్నేహితురాలి కాఫీ అద్భుతమండీ. పసుపు ఇల్లు, కోళ్లగూడు, అబ్బ!" అని డాక్టరే మొదలుపెట్టాడు. అన్నయ్య చీజ్ తురుముతున్నాడు. వేలు తురుముకున్నాడు.

అక్టోబర్ 29, ఆదివారం

పొద్దున్నే మొదలైంది. ఎందుకు దాచావని అడిగాను. నాకోసమేనట! నేను ఒంటరిదాన్నయిపోతానని, బాధపడతానని, తను వేరే ఇంటికి పోతే ఈ ఇంట్లో ఒక్కదాన్నే ఏం చేస్తానని.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పేశాను. పన్నెండేళ్ల కిందట సవోనాలో నా స్నేహితురాలు మిరెల్లా తన కుట్టుషాపులో సగం వాటాకు రమ్మంది. సముద్రం ఎదురుగా షాపు, పైన గది. నేను పెట్టె కూడా సర్దుకున్నాను. ఆ వారమే అన్నయ్యకు నిమోనియా వచ్చింది. ఈ మనిషికి కాఫీ పెట్టుకోవడం కూడా రాదు, ఎలా వదిలి వెళ్లనని పెట్టె విప్పేశాను. మిరెల్లాకు వేరే కారణమేదో చెప్పాను.

"నేనెప్పుడైనా ఉండమన్నానా?" అన్నాడు.

"నేనెప్పుడైనా పెళ్లి చేసుకోవద్దన్నానా?" అన్నాను.

అన్నయ్య లేచి కాఫీ పెట్టాడు. ఒంటికాలి మీద నిలబడి, చక్కగా పెట్టాడు. క్లేలియా నేర్పిందట. పదకొండేళ్లుగా వచ్చు. పదకొండేళ్లుగా నేను పెట్టింది తాగుతూ వచ్చాడు.

ఆ కప్పు గోడకేసి కొట్టాలనిపించింది. కానీ అమ్మ కప్పు. తాగేశాను.

అక్టోబర్ 30

క్లేలియా ఇంటికి వెళ్లాను. ఇక దాపరికమేముంది, తీసుకెళ్లిపో అతన్ని అన్నాను. ఆమె బీన్స్ ఒలుస్తోంది. నాకూ ఒక గిన్నె ఇచ్చింది.

"మొత్తం మనిషి నాకెందుకమ్మా?" అంది. "పొద్దున రెండు గంటలు చాలు. నా మంచం నాకలవాటైంది. వాడి గురక సంగతి నీకు తెలుసు."

గురక సంగతి ఈమెకెలా తెలుసని అడగలేదు.

మరి పెళ్లి మాట ఎప్పుడూ రాలేదా అన్నాను. అప్పుడు చేతులాగాయి. అతను ఎప్పుడూ అడగలేదంది. మొదటి నాలుగేళ్లు ఎదురుచూశానంది. ఇప్పుడడిగితే ఏం చెప్తానో తనకూ తెలియదంది. ఆ మాట మామూలుగానే అంది కానీ, ఒలిచిన బీన్స్ పొట్టులో వేసి, పొట్టు గిన్నెలో వేసింది.

ఇంటికొచ్చి అన్నయ్యను నిలదీశాను. పదకొండేళ్లుగా అడగలేదా? అసలు మనిషివేనా?

"ఇప్పుడెలా అడుగుతానే? ప్లాస్టర్ ఉంది," అన్నాడు.

నోటితో అడగడానికి చీలమండ ఎందుకో నాకు అర్థం కాలేదు.

నవంబర్ 4, శనివారం

కారు ముందు సీటు వెనక్కి జరిపి అన్నయ్యను, ప్లాస్టర్ కాలిని, ఊతకర్రలను ఎక్కించాను. గెస్టులు ఐదుగురినీ క్లేలియా ఇంటికి నడిచి రమ్మన్నాను. దారి ట్రిల్లీ చూపిస్తుందని చెప్పాను. చూపించింది.

క్లేలియా కోళ్లకు మేత వేస్తోంది. అన్నయ్య కారు దిగలేకపోయాడు. ఊతకర్ర సీటుకు అడ్డం పడింది. నేను లాగుతున్నాను, తను తిడుతున్నాడు. ఇంతలో గెస్టులు కూడా వచ్చేశారు. ఇక లాభం లేదనుకున్నాడేమో, కిటికీలోంచే అరిచాడు:

"క్లేలియా! నన్ను చేసుకుంటావా?"

కోళ్లు చెదిరిపోయాయి. ఆమె చేటలోని మేతంతా చల్లేసింది. ఇంత సిగ్గులేకుండా అడగడానికి పదకొండేళ్లు పట్టిందా అంది. తర్వాత చాలాసేపు అన్నయ్య ముఖంలోకి చూసింది. చేసుకోనంది. శనివారాలు రమ్మంది. శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం చర్చి గంట దాకా. మిగతా రోజుల్లో పొద్దున రెండు గంటలు, ఎప్పటిలాగే. బట్టలు మాత్రం తను ఉతకదట.

అన్నయ్య ఏడ్చాడు. సంతోషంతోనో, ఉక్రోషంతోనో తెలియదు. నాకూ కళ్లు తడిశాయి. వెంటనే కోపమొచ్చింది, ఎందుకంటే ఆ బట్టలు ఉతికేది నేను.

భోజనానికి క్లేలియాను కూడా పిలిచాను. మా బల్ల దగ్గర కూర్చోవడం ఇదే మొదటిసారి. తాయరిన్ ఒక చుట్ట నోట్లో పెట్టుకుని, బాగుంది కానీ కాస్త లావుగా కోశావంది. ఇకమీదట ఈమెను వదినా అని పిలవాలో వద్దో నాకు తెలియదు. పెళ్లి లేదు, విమర్శ మాత్రం ఉంది.

నవంబర్ 6

సవోనాకు ఫోన్ చేశాను. మిరెల్లా నా గొంతు గుర్తుపట్టలేదు. పేరు చెప్పాక గుర్తుపట్టింది. షాపు ఎనిమిదేళ్ల కిందటే మూసేసిందట. ఇప్పుడక్కడ మొబైల్ ఫోన్లు అమ్ముతున్నారట. ఎప్పుడైనా రమ్మంది.

నవంబర్ 12

రెండో గది శుభ్రం చేశాను. కుట్టుమిషన్‌కు నూనె వేశాను. తిరుగుతోంది.

నవంబర్ 21, మంగళవారం

ప్లాస్టర్ తీశారు. ఇంటికొస్తూ దారిలో అన్నయ్య తనంతట తనే ఒక చోటు చెప్పాడు. వాగు పక్కన మూడు పాప్లార్ చెట్లు, మధ్యదానికి ఉత్తరం వైపు. నేను కారు నడుపుతున్నాను. విన్నానని చెప్పాను. ఇంకొకటి చెప్పబోయాడు. చాల్లే, ఇల్లొచ్చింది, క్లేలియా ఇంటి నుంచి తెచ్చుకున్న మాసిన బట్టల మూట దింపమన్నాను. ఇకమీదట ఎవరి బట్టలు వాళ్లే ఉతుక్కోవాలని కూడా అప్పుడే చెప్పాను. వాషింగ్ మిషన్ ఎలా వెయ్యాలని అడిగాడు. క్లేలియాను అడగమన్నాను.

నవంబర్ 25, శనివారం, సాయంత్రం ఆరున్నర

చివరి గెస్టులు మూడింటికి వెళ్లారు. నాలుగింటికి క్లేలియా కారులో వచ్చి అన్నయ్యను తీసుకెళ్లింది. పైజమా మర్చిపోయాడు. నేను గుర్తుచేయలేదు.

ఇంట్లో ఎవరూ లేరు. వెన్నలో రెండు గుడ్లు వేయించుకున్నాను. అలమరలో గుడ్డలో చుట్టిన పెద్ద ట్రఫుల్ ఉంది. సోమవారం రెస్టారెంట్‌కు ఇవ్వాల్సింది. గుడ్ల మీద సన్నగా కోయడం మొదలుపెట్టాను. ఆపలేదు. మొత్తం కోసేశాను. నిలబడే తిన్నాను, తర్వాత కూర్చుని రొట్టెతో తుడిచి తిన్నాను.

ప్లేటు కడగకుండా అలాగే ఉంది. రేపు కూడా అలాగే ఉంటుంది.