మెయిన్ మొదలవకముందే

ఫిబ్రవరి 6, మంగళ

మా రైల్వే కాలనీ పక్కనే, తార్‌బహార్‌లో కంప్యూటర్ క్లాసు. సి ప్లస్ ప్లస్. రైలు డ్రైవర్లని డ్యూటీకి పిలిచే ప్రోగ్రాం రాస్తున్నా. డ్రైవర్ అని క్లాసు, అందులో ఒక స్టాటిక్ ఆబ్జెక్టు. దానికో పేరు కావాలి. మా ఇంట్లో ఏ పనికైనా ముందు నాన్న పేరే... నూకరాజు అని పెట్టేశా.

రన్ చేస్తే, ప్రోగ్రాం మొదలవ్వాల్సిన మెయిన్‌లో మొదటి లైను కంటే ముందే తెర మీద — నూకరాజు, డ్యూటీ. ఉలిక్కిపడ్డా. సార్ నవ్వారు. స్టాటిక్ అంతేనట. మెయిన్ కంటే ముందే తయారై కూర్చుంటుందట.

ఇంటికొస్తే నాన్న బూట్లు తొడుక్కుంటున్నారు. పొద్దున్నే కట్నీ నుంచి బండి తెచ్చి దిగిన మనిషి. డ్యూటీ పిలుపు తెచ్చే కాల్‌మ్యాన్ ధనీరామ్ వచ్చి పుస్తకంలో సంతకం పెట్టించుకెళ్ళాడట.

ఫిబ్రవరి 8

నాన్న వచ్చారు. కళ్ళు ఎర్రగా. "కర్గీ రోడ్ టేసన్ కాడ కునుకు పట్టీసిందే. అసిస్టెంటు అరిచినాడు గాబట్టి సరిపోయింది." అమ్మకి చెప్పొద్దన్నారు.

ఫిబ్రవరి 9

పేరు మార్చకుండానే రన్ చేశా. ఒక్కసారే. సాయంత్రం గేటు దగ్గర ధనీరామ్.

"మళ్ళీ ఏటి? నిన్ననే గదా దిగినాను."

"క్యా కరూఁ సాబ్, నామ్ ఆయా హై." ఏం చేయను, పేరొచ్చింది అంటాడు.

క్లాసులో ఆ మెషీన్‌కి కరెంటు వైరు తప్ప బయటికి పోయే ఇంకే వైరూ లేదు. వంగి చూశాను కూడా.

ఫిబ్రవరి 11, ఆది

నాన్న తెల్లవారి దిగారు. నిన్నా ఇవాళా మెషీన్ జోలికి పోలేదు. ఇవాళ మళ్ళీ పిలుపు రాలేదు. నాన్న గురక పెడుతున్నారు — ఆ గురక వింటూ ఎంత హాయిగా ఉందో.

కానీ రేపు పరీక్ష. సార్ ముందు రన్ చేసి చూపిస్తేనే ఆ కంప్యూటర్ క్లాసులో టీచరు ఉద్యోగం. పేరు ఖాళీగా ఉంటే ఒప్పుకోరు. ఇంకో డ్రైవరు పేరు పెడదామా? ఆయనకీ ఇల్లుంది, నిద్రుంది. చేతులు రావడం లేదు.

ఫిబ్రవరి 12

గౌరి అని పెట్టా. నా పేరే. నేను బండి నడపను కదా, నన్నెవరు పిలుస్తారు... ఎంత తెలివో.

మెయిన్ కంటే ముందే వచ్చింది. గౌరి, డ్యూటీ. సార్ శభాష్ అన్నారు. ఉద్యోగం ఇచ్చారు.

ఇంటికొస్తే గేటు దగ్గర ధనీరామ్. నాన్నని అడగలేదు. పుస్తకం నాకే చాపాడు. ఏ బండి అన్నాను. "వో నహీఁ బతాయా, బేటీ." అది చెప్పలేదట. అతని మొహంలో కూడా భయం. నేను లోపలికొచ్చి తలుపేసుకుని ఇది రాస్తున్నా. అతను వెళ్ళలేదు.

వంటింట్లో అమ్మ క్యారేజీ సర్దుతోంది. పిలుపు నాన్నకే అనుకుంటోంది.