గుమ్మం బయట చెప్పులు

నాన్నకు,

నేను కులాసాగానే ఉన్నాను. గానుగ ఇంజను మోతకి నీ చెవులు పోయాయి, ఫోనులో నా మాట వినబడదు, అందుకే ఈ కార్డు. యూనివర్సిటీలో కంప్యూటర్ క్లబ్బులో చేరాను. మొదటి రోజే కొత్తవాళ్లకి పాత కంప్యూటర్లిచ్చి బాగుచెయ్యమన్నారు. మన గానుగ దగ్గర నువ్వు నేర్పిన అలవాటు కొద్దీ చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికి వెళ్లాను. ఎర్తింగ్ సరిగా లేదట, ఉత్త కాళ్లతో కంప్యూటర్ పెట్టెను ముట్టుకోగానే షాకు కొట్టింది. ఉలిక్కిపడ్డాను, చేతిలో పార్టు కిందపడి విరిగింది. "ఏటమ్మా, ఇదేటి గుడనుకున్నావా, చెప్పులిప్పేసి వచ్చేసేవు" అన్నాడు సీనియర్. అందరూ నవ్వారు. అప్పటినుంచి నన్ను మిషను ముట్టనివ్వడం లేదు, కుర్చీలు సర్దమంటున్నారు. మానెయ్యాలనిపిస్తోంది, ఏం చెయ్యమంటావో రాయి. అటకమీద నా పాత బూట్లుంటాయి, ఎవరైనా ఇటు వస్తుంటే పంపించు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? గానుగని పాత ఇనుము కింద కొన్నవాళ్లు ఇంకా రాలేదు కదా? వచ్చిన రోజున, వాళ్లు చెప్పులతో దాని మీదకి ఎక్కకముందే, నువ్వు చెప్పులు విడిచి వెళ్లి, నా బదులు కూడా ఒకసారి ముట్టుకుని కళ్లకద్దుకో.

అమ్మకీ నీకూ దణ్ణాలు పెడుతూ,
రాజశ్రీ