పేరు చెప్పిన గొంతు

నంద్యాల, 2009, శ్రావణ శుక్రవారం

ఆళ్లగడ్డలో ఫోటో స్టూడియో నడిపే ఖాదరన్న కంప్యూటర్‌లోని సిస్టం సాఫ్ట్‌వేర్‌ను ఇవాళ 32 బిట్ నుంచి 64 బిట్‌కు మార్చాను. పాతదాని మీద కొత్తది ఎక్కదు కాబట్టి డిస్కు మొత్తం తుడిచేశాను. చివర్లో వాడేవాళ్ల పేరు అడిగింది.

"ఎవరి పేరు పెట్టాలన్నా?" అన్నాను, తల తిప్పకుండానే.

"రసూల్ అని పెట్టప్పా" అంది వెనక నుంచి గొంతు. పెట్టాను.

అప్పుడు ఖాదరన్న వీధిలోంచి టీ గ్లాసులతో లోపలికొచ్చాడు. తెర మీది పేరు చూసి ఆగిపోయాడు.

"మా తమ్ముని పేరు నీకెవురు చెప్పినారప్పా? వాడు పోయి ఏడాదైతాంది."

"నువ్వే కదన్నా!"

"నేను యాడుండా ఈడ? టీకి పోయింటి గదా."

తీసేయనా అన్నాను.

"ఉండనీ. మిషను వానిదే గదా" అన్నాడు, నా వెనక ఖాళీ జాగాను చూస్తూ.

ఇది రాస్తున్నప్పుడూ వెనక్కి తిరగబుద్ధి కావడం లేదు.