స్కేలు లేని ఫోటోలు

ప్రియమైన బావకి,

నువ్వు పంపిన క్లోజప్ లెన్సు భద్రంగా చేరింది. నీ చెల్లెలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కుట్టు మిషనుకి నూనె వెయ్యడానికి తీరిక ఉండదు గానీ, ఈగ కళ్ళు ఫోటో తియ్యడానికి మాత్రం బోలెడు తీరిక" అంది. ఆవిడ నోటికి జవాబు చెప్పగలిగితే నేను టైలరునెందుకవుతాను, వకీలునయ్యేవాణ్ణి.

ముందు నా చదువు సంగతి. కొండలూ ఆకాశం తీస్తే నా ఫోటోలు ఎందుకు చప్పగా ఉంటున్నాయో నీ ఉత్తరం చదివాక తెలిసింది. దూరంగా ఉన్నదాన్నే చూస్తూ కాళ్ళ దగ్గరున్నది వదిలేస్తున్నాను. మొన్న తెల్లవారుతుండగా ఏటి ఒడ్డుకి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక తడి రాయి ముందు వచ్చేలా తీశాను. నేలనీ ఆకాశాన్నీ సగం సగం పంచకుండా నేలకే ఎక్కువ చోటిచ్చాను. ప్యాంటు పాడైంది కానీ ఫోటోకి ప్రాణమొచ్చింది. మనుషుల ఫోటోలు మాత్రం ఇంకా కుదరడం లేదు. కిటికీ పక్కన కూర్చోబెట్టి కంటి మీద ఫోకస్ పెట్టమన్నావు, పెట్టాను. కెమెరా ఎత్తగానే నీ చెల్లెలు గుర్తింపు కార్డుకి ఫోటో దిగుతున్నట్టు బిగుసుకుపోతుంది. మాటల్లో పెట్టమన్నావు. మాటల్లో పడితే నేనే ఫోటో సంగతి మర్చిపోతున్నాను.

ఇక ఆ లెన్సు ఎందుకు అడిగానో చెప్పాలి. ఫోన్‌లో చెప్పలేదు, మా ఇంట్లో ఫోన్ మాట్లాడితే పక్కింటికి కూడా వినిపిస్తుంది. నీ చెల్లెలి వీపు మీద, కుడి భుజం ఎముక కింద, ఒక పుట్టుమచ్చ ఉంది. కొత్త బట్టలకి కొలతలు తీస్తుంటే దాని అంచు ఒకవైపు చెదిరినట్టు కనిపించింది. చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ కొలిచి రాసుకుని, "ఇప్పటికి భయపడాల్సిందేమీ లేదు. నెలనెలా పక్కన స్కేలు పెట్టి ఒక ఫోటో తియ్యండి. పెరిగినట్టనిపిస్తే వెంటనే రండి" అంది. మొదటి ఫోటో రేపు తీస్తాను.

భయం లేదని చెప్పినా భయపడుతున్న,
నీ టైలరు

*

బావా,

షాపు తలుపు సగం మూసుకుని రాస్తున్నాను. పొద్దున ఒకాయన చొక్కాకి చెయ్యి తిరగేసి కుట్టేశాను. విప్పి మళ్ళీ తిరగేసే కుట్టాను.

నిన్న ఇన్ని నెలల ఫోటోలన్నీ తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. పెరిగిందని కాదు, ఆవిడే ఒకసారి చూపించమని కబురు చేసింది. నీ చెల్లెలు పక్క గదిలో బట్టలు మార్చుకుంటోంది. నేను ఫోటోలు బల్ల మీద వరసగా పరిచాను. దాచడమెందుకు, పొంగిపోతూ పరిచాను. మొదటిది మసక. తర్వాతదానికి స్టాండు వాడాను. ఆ తర్వాత వెలుతురు పక్క నుంచి పడేలా కూర్చోబెట్టాను, చర్మం మీది నూగు కూడా తేలింది. ఆఖరిదానికి ఇంకాస్త దగ్గరికి జరిగాను. నీకు చూపిస్తే భుజం తట్టేవాడివి.

డాక్టరమ్మ ఒక్కొక్కటీ చూసి, "చాలా బాగా తీశారు. స్కేలేదండీ?" అంది.

స్కేలు మొదటి ఫోటో ఒక్కదాన్లోనే ఉంది బావా. స్టీలు స్కేలు, తళతళా మెరిసి చూపంతా అదే లాగేసింది. అది పక్కనుంటే ఫోటో పాడైపోతోందని రెండో నెల నుంచి తీసేశాను. రోజంతా మెడలో టేపు వేసుకుని తిరిగేవాణ్ణి, కొలవడమే నా బతుకు, నాకెందుకు తట్టలేదు?

"మచ్చ పెరిగిందా, మీరు దగ్గరికి జరిగారా? నల్లబడిందా, వెలుతురు మారిందా? వీటిని చూసి నేనేం చెప్పగలను?" అంది. గట్టిగా తిట్టినా బాగుండేది. మామూలుగానే అడిగింది. ప్రతి నెలా ఆ మచ్చ నాకు పెద్దగానే కనిపించింది బావా. ప్రతి నెలా నా చెయ్యి తిరుగుతోందని సంబరపడ్డాను.

తర్వాత ఆవిడే కొలిచింది. పెరిగింది. ఎప్పటి నుంచి పెరుగుతోందో చెప్పే దారి లేదు. అక్కడికక్కడే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఇంటికొస్తూ నీ చెల్లెలు, "ఫోటోలు చూసి ఏమన్నారు?" అంది. "చాలా బాగున్నాయన్నారు" అన్నాను. ఒక్క మాట కూడా అబద్ధం కాదు చూశావా.

ఆమెతో చెప్పనా? చెప్పి ఏం చెయ్యను, క్షమించమననా? చెప్పకుండా ఆ ఇంట్లో ఎలా తిరగను? కెమెరా బీరువా మీద పెట్టేశాను, దాని వంక చూడలేకపోతున్నాను. నాకేమీ పాలుపోవడం లేదు. ఏదో ఒకటి రాయి.

నీ బావమరిది

*

అన్నయ్యకి,

నీ జవాబు చేరేలోపే ఆయన నాకు అంతా చెప్పేశారు. పరీక్ష ఫలితం వచ్చిన రోజే. అది చెడ్డదేనట. మచ్చ ఉన్నచోట ఇంకా వెడల్పుగా, లోతుగా తీస్తారు. చంక దాకా పాకిందో లేదో కూడా అప్పుడే చూస్తారు. వచ్చే వారం ఆపరేషన్.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా విను. ఆయన స్కేలు పెట్టడం లేదని నాకు ముందే తెలుసు. మొదటిసారి అది వీపుకి చల్లగా తగిలి ఉలిక్కిపడ్డాను. మరుసటి నెల తగల్లేదు. "స్కేలు మర్చిపోయారు" అనబోయి ఊరుకున్నాను. పెడితే కొలత తెలుస్తుంది, తెలిస్తే మళ్ళీ ఆసుపత్రి. అప్పటికే అక్కడ దురద పెట్టేది. గీరుకుంటే నెత్తురు అంటుకునేది. ఆయన కంటపడకుండా బట్టలు ముందే ఉతికేసుకునేదాన్ని. నాకు భయం వేసింది అన్నయ్యా, అంతే. ఇంకే కారణమూ లేదు. పైగా ఆయన ఊపిరి బిగబట్టి నా వెనక అంతసేపు కూర్చోవడం నాకు బాగుండేది. ముఖానికి కెమెరా పెడితే బిగుసుకుపోయేదాన్ని, వీపు తిప్పితే కూనిరాగం తీసేదాన్ని.

ఇదంతా ఆయనతో చెప్పాను. నమ్మడం లేదు. "నన్ను ఓదార్చడానికి కథలల్లుతున్నావు" అంటారు. ఒట్టు పెట్టాను. "నా కోసం దొంగ ఒట్లు కూడా పెడుతున్నావు" అని ఇంకా ఏడ్చారు. నేనెంత నిజం చెబితే నన్ను అంత మంచిదాన్ని చేసేస్తున్నారు. భోజనం ముందు కూర్చుంటారు, కంచం అలాగే ఉంటుంది. నేనే తినిపించాల్సి వస్తోంది. రోగం ఎవరికో ఇల్లు చూసినవాళ్ళకి తెలియదు.

నువ్వు రా. నువ్వంటే ఆయనకి గురి. నేను లోపలికి వెళ్ళేలోపు ఈ ఉత్తరం ఆయన చేతికివ్వు. "నా చెల్లెలు చిన్నప్పటి నుంచీ ఇంతే, ఏ నొప్పీ చెప్పి చావదు" అని చెప్పు. తిట్టు, నన్ను ఎంతైనా తిట్టు, ఆయనకి కూడా నా మీద కోపం రావాలి. నేను బయటికొచ్చాక చెప్పుకుందామంటే, వస్తానో రానో తెలియదు. రాకపోతే ఆయన నేను చెప్పిన ఈ ఒక్క నిజాన్నీ అబద్ధమనుకునే బతుకుతారు.

నీ చెల్లెలు